తప్పిన పరీక్షయు, తాకట్టు పొలమును

మార్గశిర పుష్యమాసములలో మన యిండ్లకు రెండు ఫలితములు వచ్చుచుండును. మొదటిది సార్వా వరి ఫలితము. కుప్పలు నూర్చి, ధాన్యమును కాటాకు ఎక్కించిననాడు అది తేలిపోవును. రెండవది బిడ్డల పరీక్షా ఫలితము. మన తాతల కాలమున ఈ రెండవది లేదు. మన కాలమున అది పదవ తరగతితోను, ఇంటరుతోను ముగిసెడిది. నేడు పట్టభద్రులైన మన బిడ్డలు వ్యాపార నిర్వహణ విద్య నభ్యసింపగోరి ‘క్యాటు’ అను పరీక్షకు గూర్చుండుచున్నారు. ఆ పరీక్ష నవంబరు చివర జరుగును. ఫలితము కోతల వేళకే వెలువడును.

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుచుండెడి మేము ఈ విషయమున కలము పట్టుట యేమని కొందరడుగవచ్చును. మా సమాధాన మొక్కటే. పరీక్ష వ్రాయునది బిడ్డయే యైనను, దాని పర్యవసానము పొలము మీద పడుచున్నది. పొలము మీద పడునది యేదియు వ్యవసాయ ప్రదర్శకునకు పరాయి విషయము కానేరదు.

2024వ సంవత్సరము డిసెంబరు చివరి వారమున, వరి మాగాణి మినుము పైరును జూచుటకై కృష్ణా డెల్టాలోని యొక గ్రామమునకు బోయితిమి. పల్లాకు తెగులు సోకిన మొక్కలను కనబడిన వెంటనే పీకివేయవలెననియు, ఆ తెగులును మోయు తెల్లదోమను అదుపులో నుంచవలెననియు గట్టుమీద నిలిచి చెప్పుచుంటిమి. నాలుగెకరముల సొంతదారగు నొక సభ్యుడు మా మాటలు వినుచున్నట్లే నిలిచి, నేల చూపులు చూచుచుండెను. ఆయన పదియేండ్లుగా మా ప్రదర్శన క్షేత్రమునకు తన మడిని ఇచ్చుచున్న మనిషి. ప్రశ్న వేయక యెన్నడును ఊరకుండువాడు కాదు. విషయమేమని యడిగితిమి. “ఇంటికి రండయ్యా, అక్కడ చెప్పుదును” అనెను.

ఇంటికి బోయి వినగా తేలిన విషయమిది. ఆయన కుమార్తె ఇంజనీరింగు ముగించి, ఒక యేడు చదివి, క్యాటు వ్రాసెను. డిసెంబరు 19వ తేదీన ఫలితము తెలిసెను. ఆమెకు 78 వచ్చినది. తండ్రి అవి నూటికి వచ్చిన మార్కులనుకొని వీధిలో మిఠాయి పంచెను. మూడవనాడు ప్రక్కవీధి యువకు డొకడు, “ఆ అంకెతో పెద్ద సంస్థలనుండి పిలుపు రాదు మామా” అని చెప్పిపోయెను. అంతటితో పంచిన మిఠాయియే అవమానమై కూర్చున్నది. బిడ్డ గది విడిచి వెలుపలికి వచ్చుట మానినది. తండ్రి యొక నిర్ణయమునకు వచ్చెను: కాలువ ప్రక్క యెకరమును తాకట్టు పెట్టి లక్షన్నర తెచ్చి, బిడ్డను హైదరాబాదులో నొక సంవత్సరముంచి, మరల శిక్షణ యిప్పింపవలెనని. మొదటి సంవత్సరపు రుసుమునకే సంఘములో తెచ్చిన పంట ఋణమునుండి 60,000 రూపాయలు పోయినవని మెల్లగా నొప్పుకొనెను. ఆ యేడు ఎరువు అరువు తెచ్చుటకు కారణము మా కప్పుడు బోధపడినది. తాకట్టు కాగితము వ్రాయువాడు మరునాటి యుదయము రానున్నాడు.

“అయ్యా, నా బిడ్డ బ్రదుకు ముఖ్యమా, ఎకరము ముఖ్యమా? మీరే చెప్పుడు” అని యాయన మమ్మడిగెను.

ఆ ప్రశ్నకు ఉత్తరముగా నీ వ్యాసమును వ్రాయుచున్నాము. అడుగుటలోనే యొక పొరపాటు కలదు. త్రాసులో నొక ప్రక్క నెకరమున్న మాట నిజమే. రెండవ ప్రక్క నున్నది మాత్రము బిడ్డ బ్రదుకు కాదు. రెండు గంటల పరీక్ష.

ముందుగా ఆ పరీక్ష యెట్టిదో తెలిసికొందము. తెలియని వస్తువును గూర్చిన సంతోషమును తప్పే, దుఃఖమును తప్పే. 2024లో ఈ పరీక్షను కలకత్తాలోని నిర్వహణ సంస్థ నవంబరు 24వ తేదీన నడిపినది. దేశమంతటను సుమారు 2,93,000 మంది వ్రాసిరి. ప్రశ్నలు 68, భాగములు మూడు. ఆంగ్లము చదివి గ్రహించుట మొదటిది, పట్టికలను తర్కముతో విడదీయుట రెండవది, గణితము మూడవది. ఒక్కొక్క భాగమునకు 40 నిమిషములు. ఒప్పునకు 3 మార్కులు వచ్చును. నాలుగింటిలో నొకటి యెంచుకొను ప్రశ్నలలో తప్పునకు ఒక మార్కు పోవును. విద్యార్థియే జవాబును టైపు చేయు ప్రశ్నలలో తప్పునకు కోత లేదు.

ఇంక 78 అను అంకెను గూర్చి. అది మార్కు కాదు, ‘పర్సెంటైలు’. మన ప్రాంతపు బండలాగుడు పందెములను తలచుకొన్నచో దీని యర్థము సులభముగా బోధపడును. ఒక జత యెద్దులు బండను ఎన్ని యడుగులు లాగినవో అది మార్కు. నూరు జతలలో నెన్నిటిని వెనుక వేసినవో అది పర్సెంటైలు. మంచి జతలు ఎక్కువగా దిగిన పందెములో, నిరుటికంటె దూరము లాగిన జతయు వెనుకబడవచ్చును. ఆ యమ్మాయి సుమారు 2,28,000 మందిని వెనుక వేసినది. ఆమె ముందు సుమారు 64,000 మంది యున్నారు. 99 వచ్చిన వాని ముందు సైతము ఇంచుమించు 2,900 మంది యుందురు. నిండు నూరు వచ్చినవారు ఆ యేడు దేశము మొత్తము మీద 14 మంది మాత్రమే.

కేంద్ర ప్రభుత్వపు నిర్వహణ సంస్థలు 2024 నాటికి 21. మన విశాఖపట్టణములో 2015లో నెలకొల్పినది వానిలో నొకటి. ఇవి యన్నియు ఈ యంకె నొక్కదానినే చూడవు. పదవ తరగతి, ఇంటరు, పట్టపరీక్షల మార్కులను, పనిచేసిన అనుభవమును, ముఖాముఖి సంభాషణను గూడ తమతమ లెక్కల ప్రకారము కలుపుకొనును. వేరువేరు వర్గములకు వేరువేరు హద్దులు కలవు. కావున 78 అనునది మందబుద్ధుల యంకె కాదు. అట్లని పేరుపొందిన సంస్థలకు సాధారణముగా చాలునట్టి యంకెయు కాదు. ఈ రెండు సత్యములను గూడ బిడ్డ యెదుట చెప్పవలెను. మొదటిది దాచినచో బిడ్డ క్రుంగును. రెండవది దాచినచో ఇల్లు మునుగును.

ఫలితము వచ్చిన మొదటి పది దినములలో ఇంటివారు చేయవలసినదేమి? తుపాను వెలిసిన సాయంకాలము పడిపోయిన చేను చూచి, మరునాడే దున్నివేయు రైతు లేడు. ముందు నీరు తీయును. ఒరిగిన వెన్నులలో గింజ మొలకెత్తకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లుమని మేము చెప్పుదుము. అనగా, పోయినదానిని గూర్చి యేడ్చుటకు ముందే ఉన్నదానిని కాపాడుకొనవలెను. ఇంటిలోను అంతే. మొదటి పది దినములలో ఏ కాగితము మీదను చేవ్రాలు చేయవలదు. ఏ శిక్షణాలయమునకును రుసుము కట్టవలదు. పొరుగింటి బిడ్డ పేరు ఎత్తవలదు. “నీకై ఇంత ఖర్చు చేసితిమి” అను మాట యెంత మాత్రము వలదు. ఆ మాట నిజమే కావచ్చును. నిజమైన ప్రతి మాటయు ప్రతి వేళయందును పలుకదగినది కాదు.

ఈ సందర్భమున మా సొంత విషయ మొకటి చెప్పుటకు పాఠకులు క్షమింతురు గాక. వ్యవసాయ కళాశాలలో ప్రవేశమునకై పదునెనిమిదవ యేట వ్రాసిన పరీక్షలో మాకు చోటు దొరకలేదు. ఫలితములు పత్రికలో పడిన యుదయమున మా తండ్రిగారు మా సంఖ్యకై రెండు మారులు వెదకి, పత్రికను మడిచి, “సాయంకాలము నారుమడికి నీరు కట్టవలెను, పార తీసికొని రా” అనిరి. ఆ దినమున పరీక్ష మాట యెత్తలేదు. మరునాడును ఎత్తలేదు. అయిదవనాడు గట్టుమీద కూర్చుండి, “ఏ పాఠములో తగ్గినదిరా?” అని యడిగిరి. ఆ ప్రశ్నలో నింద లేదు. చీడ పట్టిన మొక్కను త్రిప్పి ఆకు అడుగు చూచువాని ప్రశ్నయది. మేము పిదప డిప్లొమా చదివి ఈ వృత్తిలో ప్రవేశించితిమి. నాడు తప్పిన కళాశాల పేరు నేడు మమ్మెవరును అడుగుట లేదు. ఆ యైదు దినముల మౌనమును, ఆ యొక్క ప్రశ్నను మాత్రము మేము మరువలేదు.

ఇచట మరియొక హెచ్చరిక తప్పనిసరి. పట్టణపు ఇండ్లలో లేని యపాయ మొకటి మన యిండ్లలో కలదు. వసారా మూలను, ధాన్యపు గాదె ప్రక్కను పురుగుమందు డబ్బాలు నిలువ యుండును. పరీక్షా ఫలితములు వచ్చు దినములలో వానిని పెట్టెలో బెట్టి తాళము వేసి, తాళపుచెవిని ఇంటి పెద్ద తన వద్ద నుంచుకొనవలెను. మిగిలిన మందును ఇంట నుంచు నలవాటే మానుట మేలు. బిడ్డ తిండి మానినను, నిద్ర మానినను, “నేను లేకున్న మీకు భారము తగ్గును” వంటి మాట లాడినను, దానిని అలుకగా తలపవలదు. ఒంటరిగా విడువవలదు. ప్రక్కన కూర్చుండి, “నీ మనసులో చనిపోవలెనను తలంపు వచ్చుచున్నదా?” అని సూటిగా అడుగుట తప్పు కాదు, అడిగినంత మాత్రమున లేని తలంపు పుట్టదు. 2022వ సంవత్సరము అక్టోబరులో ప్రభుత్వము వారు ప్రారంభించిన ‘టెలీ మానస్’ అను సహాయ కేంద్రమునకు 14416 అను సంఖ్యతో ఫోను చేసినచో, రేయింబవళ్ళు, ఉచితముగా, తెలుగులోనే మాటలాడువారు కలరు. పశువైద్యునికి కబురు పంపుటకు సిగ్గుపడని మనము బిడ్డ కొరకు ఈ ఫోను చేయుటకు సిగ్గుపడనేల?

పది దినములు గడచిన పిదప కారణమును వెదకవలెను. మేము చదివిన మిషను పాఠశాలలో నొక లెక్కల అయ్యవారుండిరి. తప్పిన లెక్కను ఆయన చెరుపనిచ్చెడివారు కారు. దానిని అట్లే యుంచి, ప్రక్కనే మరల చేయించి, ఏ వరుసలో దారి తప్పినదో అచట చిన్న గీత గీయించెడివారు. సంవత్సరాంతమున పుస్తకము తిరుగవేసి చూడగా, మా గీతలన్నియు ఒకేచోట, భిన్నముల కలిపివేతలోనే, పడియుండెను. మేము లెక్కలకు పనికిరామని యంతవరకు తలచుచుంటిమి. పనికిరానిది మేము కాము, మా భిన్నముల కలిపివేత మాత్రమే.

క్యాటు పరీక్షలో నీ పని మరింత సులభము. ఫలిత పత్రములో మూడు భాగముల యంకెలు వేరువేరుగా నుండును. విద్యార్థి వ్రాసిన జవాబులను, సరియైన జవాబులను ఫలితమునకు ముందే వారి వారికి చూపుదురు. ఇది భూసార పరీక్ష పత్రము వంటిది. నత్రజని తక్కువైన నేలకు జింకు వేసిన ఫలమేమి? ఏది తక్కువయో చూడక మొత్తము శిక్షణను మరల కొనుట, నేల చూడక పొరుగువాడు వేసిన ఎరువునే వేయుట వంటిది.

ఆ సాయంకాలము మేము ఆ యమ్మాయిని పిలిచి, “అమ్మాయీ, నీ జవాబుల కాగితము ఒక్కమారు చూపుదువా?” అని యడిగితిమి. ఆమె చాలసేపు పలుకలేదు. పిమ్మట, “చూచి యేమి లాభము, బాబాయిగారూ? అయిపోయినది గదా!” అనెను. “కోత అయిపోయిన పిమ్మటనే గదా దిగుబడి లెక్క వేయుదుము” అంటిమి. ఆమె కాగితము తెచ్చినది. గణితములో మంచి స్థానమే యున్నది. పట్టికల భాగము మధ్యస్థము. ఆంగ్లము చదివి గ్రహించు భాగములో మాత్రము, తాను ఎంచుకొని వ్రాసిన 14 ప్రశ్నలలో 8 తప్పులు. ఆరు ఒప్పులకు వచ్చిన 18 మార్కులలో 8 మార్కులను తప్పులే తినివేసినవి. గట్టు గండిపడిన మడివలె, పెట్టిన నీరు పెట్టినట్లే పోయినది.

“ఎందువలన?” అని యడుగగా, ఆమె సూటిగా చెప్పెను: “చదువుట నెమ్మది. సమయము చాలక, తోచినది గుర్తించితిని.” ఇది లక్షన్నర రూపాయల రోగము కాదు. దినమున కొక గంట మంచి ఆంగ్ల పత్రికను చదువుట, తెలియనిదానిని విడిచిపెట్టు నిగ్రహమును అలవరచుకొనుట దీనికి మందు. పాత ప్రశ్నపత్రములు దొరకును. మాదిరి పరీక్షను పరీక్ష నడపువారే యుచితముగా నిత్తురు. తండ్రి ఆ యంకెలను తన వ్రేళ్ళతో లెక్కించుచు ప్రక్కనే కూర్చుండెను. బిడ్డ చదువు కాగితమును ఆయన చూచుట అదియే మొదటిసారి యని తరువాత తెలిసినది.

ఇక అప్పు విషయము. ఇది మన సంఘమున కంతకు సంబంధించినది గావున నిర్మొగమాటముగా వ్రాయుచున్నాము. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము ప్రకారము 3 లక్షల వరకు పంట ఋణము సంవత్సరమునకు నూటికి 7 రూపాయల వడ్డీకి దొరకును. గడువులో తీర్చినవారికి మరి 3 రూపాయలు తగ్గి, 4 మాత్రమే పడును. ఊరి యప్పు నెలకు నూటికి 3 రూపాయల చొప్పున తెచ్చినచో, లక్షకు సంవత్సరమునకు 36,000. సంఘపు అప్పునకు 4,000. పంట ఋణమును రుసుముగా కట్టినవాడు ఎరువును అరువు తెచ్చును, దుకాణము వాడు చెప్పిన ధరకే తెచ్చును, దిగుబడి తగ్గును, గడువు తప్పును, రాయితీ పోవును, మరుసటి పంటకు ఊరి యప్పే గతి యగును. ఇట్లు 4 రూపాయల రైతు 36 రూపాయల రైతగుటకు రెండు పంటలు చాలును. బిడ్డ పరీక్షలో నెగ్గినను ఓడినను, ఈ లెక్క మారదు.

చదువునకు అప్పు చేయరాదని మా భావము కాదు. సీటు వచ్చిన పిమ్మట దారి వేరు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకమున, ఎంపికచేసిన మేటి విద్యాసంస్థలలో చేరినవారికి తాకట్టు లేకుండ, జామీను లేకుండ బ్యాంకులు ఋణము నిచ్చునట్టి యేర్పాటు కలదు. కుటుంబపు సాలుసరి రాబడి 8 లక్షలకు లోబడి, ఇతర ప్రభుత్వ విద్యార్థివేతనములు గాని వడ్డీ రాయితీలు గాని పొందనివారికి, 10 లక్షల వరకు ఋణముపై నూటికి 3 రూపాయల వడ్డీ రాయితీయు కలదు. సీటు వచ్చిన తరువాత పొలమును తాకట్టు పెట్టనక్కరలేని చదువునకు, సీటు రాకమునుపే తాకట్టు పెట్టుట యేమి వివేకము? మొదటిది చదువున కప్పు. రెండవది ఆశ కప్పు. ఆశకు వడ్డీ కట్టి బాగుపడిన రైతును మేము చూడలేదు.

అట్లయిన రెండవమారు వ్రాయరాదా? వ్రాయవచ్చును. ఈ పరీక్షకు ఇన్నిసార్లే యను నియమము లేదు. కాని మేము నాలుగు ప్రశ్నలు అడుగుమందుము. మొదటిసారి తగ్గుటకు కారణము తెలిసినదా? రెండవసారి వ్రాయవలెనని బిడ్డ కోరుచున్నదా, లేక తండ్రి పరువు కోరుచున్నదా? ఏదైన నొక పని చేసికొనుచు, లేక మరియొక చదువు చదువుచు, దీనికి సిద్ధపడ వీలున్నదా? దీనికగు ఖర్చు రాబడినుండి వచ్చునా, పొలమునుండి వచ్చునా? నాలుగింటికిని మంచి జవాబు దొరికినచో, ఒక్క సంవత్సరమని గడువు పెట్టుకొని వ్రాయింపుడు. ఏ యొక్కటి తప్పినను ఆగుడు. పొలమంతయు నొకే పైరు వేయువాని భయము మనమెరుగనిది కాదు. బిడ్డ సంవత్సరమంతయు నొకే పరీక్షపై వేయుటయు నట్టిదే.

వేరు దారులు లేకపోలేదు. మన రాష్ట్రములలో జరుగు ఐసెటు పరీక్షలో 200 ప్రశ్నలకు 150 నిమిషములు కలవు; తప్పునకు కోత లేదు; ఆంగ్ల సామర్థ్యపు భాగము తప్ప మిగిలిన ప్రశ్నలు తెలుగులోను ఉండును. వ్యవసాయ సంబంధమైన పట్టము కలవారికి, 1987లో హైదరాబాదు రాజేంద్రనగరమున నెలకొన్న ‘మేనేజ్’ సంస్థలో వ్యవసాయ వ్యాపార నిర్వహణ విద్య కలదు. గుజరాతులోని ఆనందున వర్గీసు కురియన్ గారు 1979లో స్థాపించిన గ్రామీణ నిర్వహణ సంస్థ, పాల సంఘముల వంటి రైతు సంస్థలను నడపువారిని తయారుచేయుటకే పుట్టినది. దాని యాధారముగా 2025లో పార్లమెంటు చట్టముచే సహకార విశ్వవిద్యాలయ మేర్పడినది. 1946లో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘమును నిలిపిన త్రిభువనదాస్ పటేల్ గారి పేరే దానికి పెట్టిరి.

రైతు బిడ్డలకు వ్యాపార విద్య యెందుకని కొందరు పెద్దలు అనుచుందురు. వారి మాట మాకు సమ్మతము కాదు. పండించుట మనకు వచ్చును, అమ్ముట రాదు. ఖేడా రైతులు పాలు పిదుకుట చేత గొప్పవారు కాలేదు. పాలను అమ్ముకొను సంస్థను తామే నిలుపుకొనుట చేత గొప్పవారైరి. మన రైతు ఉత్పత్తిదారుల సంఘములు పుట్టుటయే గాని నడచుట తక్కువ. లెక్క తెలిసినవారు, బేరము తెలిసినవారు మనకు వలయును. ఇచట మన తప్పును గూడ మనము ఒప్పుకొనవలెను. బిడ్డ పేరుగల సంస్థలో చదివి నగరములో పెద్ద జీతమునకు పోయినచో మిఠాయి పంచుదుము. అదే బిడ్డ మన సంఘపు గిడ్డంగి లెక్కలు చూచెదనన్నచో, కూలికంటె కొంచెము హెచ్చు జీతమును చూపి, “చదివి కూడ ఇక్కడేనా?” అని నవ్వుదుము. పరీక్షలో తగ్గిన బిడ్డకు ఊరిలో గౌరవమైన పని లేకుండ చేసినది పరీక్ష కాదు, మనమే.

ఆ యింటి మాట ముగింతుము. మరునాటి యుదయము కాగితము వ్రాయువాడు వచ్చి, కాఫీ త్రాగి వెళ్ళెను. కాగితము వ్రాయలేదు. ఆ రాత్రి తండ్రియు బిడ్డయు చాలసేపు మాటలాడుకొనిరట. ఏమి మాటలాడుకొనిరో మేము అడుగలేదు. 2025 మే నెలలో ఆమె ఐసెటు వ్రాసి, జిల్లాలోని కళాశాలలో ఎంబీయేలో చేరినది. క్యాటు మరల వ్రాయుదునో లేదో తానే నిశ్చయింతుననినది. తండ్రి “నీ యిష్టము” అనెను. ఆదివారములందు వచ్చి, రైతుల ధాన్యపు తూకపు చీటీలను సరిచూచి పెట్టుచున్నది. మొదటి నెలలోనే ఒక సభ్యునికి రావలసిన పదునొకండు బస్తాల లెక్క తప్పినదని పట్టుకొన్నది. ఆ కాలువ ప్రక్క యెకరము ఇప్పటికిని వారిదే. సంఘపు పాత బాకీని రెండు కిస్తీలలో తీర్చుచున్నారు. ఇది గొప్ప విజయగాథ కాదు. ఒక యిల్లు మునుగకుండ నిలిచినది. మా దృష్టిలో అది తక్కువ విషయము కాదు.

చివరకు మన సంఘపు సభ్యులకు మూడు విన్నపములు. మొదటిది: పంట ఋణమును ఏ శిక్షణా రుసుమునకును వాడనని ఋణము తీసికొనునపుడు ప్రతి సభ్యుడు తనకు తానే మాట యిచ్చుకొనవలెను. రెండవది: సంఘ కార్యాలయపు గోడమీద ఎరువుల ధరల పట్టిక ప్రక్కనే, ప్రవేశ పరీక్షల గడువు తేదీలును, విద్యా ఋణముల నిబంధనలును వ్రాసిపెట్టవలెను, ఒక ఆంగ్ల పత్రికను, ఒక తెలుగు పత్రికను బిడ్డలకై తెప్పింపవలెను. మూడవది: ఫలితములు వచ్చు వారమున, బిడ్డలు పరీక్ష వ్రాసిన యిండ్లకు పాలకవర్గ సభ్యు డొకడు పోయి కూర్చుండి రావలెను. ఉపదేశ మక్కరలేదు. చేను పడిపోయిననాడు పోయి గట్టుమీద కూర్చుండునట్లు కూర్చుండిన చాలును.

పంట తప్పిన యేడు రైతు తన నేలను తిట్టడు. విత్తనమును జూచును, నీటిని జూచును, అదనును జూచును. మరల దుక్కికి సిద్ధపడును. బిడ్డ విషయమునను ఆ పాటి యోర్పును చూపవలెనని మా ప్రార్థన.